ఫైల్ సర్వర్‌కి ఐపీవీ6 చేరుస్తుంటే లాగ్‌లో అందరూ 0.0.0.0గా కనిపిస్తున్నారు

నేలబావి:

అందరికీ నమస్కారం. సీ భాషలో రాసిన ఒక ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్‌ని (నెట్‌వర్క్ మీద వేరే మెషీన్లకి ఫైళ్లు అందించేది) కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. కెర్నల్‌లో ఉండేది కాదు, మామూలు ప్రాసెస్‌లా నడుస్తుంది. వెర్షన్ 3 మాత్రమే మాట్లాడుతుంది. వాడేవాళ్లలో కొందరి నెట్‌వర్క్‌లు పాత 32 బిట్ల ఐపీవీ4 అడ్రస్‌లు వదిలి పూర్తిగా 128 బిట్ల ఐపీవీ6కి మారిపోయాయి, వాళ్లకి ఇది ఇక పనికిరావడం లేదు. అందుకని మొదలుపెట్టాను.

పని చిన్నదే అనుకున్నాను. సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్లు వచ్చే ద్వారం) తెరిచేచోట ఐపీవీ4ని సూచించే ఏఎఫ్_ఐనెట్ తీసి ఐపీవీ6ది ఏఎఫ్_ఐనెట్6 పెట్టాను, బైండ్ అడ్రస్ మార్చాను. పోర్టు నంబర్లు చేత్తో ఇచ్చి క్లయింట్ నుంచి మౌంట్ చేస్తే (సర్వర్ డైరెక్టరీని తన డైరెక్టరీలా తగిలించుకుంటే) అయింది, ఫైళ్లు కనిపించాయి. టెస్టు డైరెక్టరీని ఎక్స్‌పోర్ట్స్‌లో (ఎవరికి ఏది ఇవ్వాలో రాసే ఫైల్) అందరికీ తెరిచే పెట్టాను కాబట్టి అనుమతుల గొడవ రాలేదు.

ఆ తర్వాత రెండు వింతలు చూశాను. ఒకటి, లాగ్‌లో ప్రతి ఐపీవీ6 క్లయింట్ అడ్రసూ 0.0.0.0 అనే పడుతోంది. రెండోది నన్ను భయపెట్టింది. రెండు మెషీన్ల నుంచి నా టెస్టు ప్రోగ్రామ్ నడిపితే, రెండో మెషీన్‌లో ఫైల్ తీసేయమన్నప్పుడు 'తీసేశాను' అని సర్వర్ జవాబిస్తోంది, ఫైల్ మాత్రం డిస్క్ మీద అలాగే ఉంది. ఐపీవీ4లో ఇలా ఒక్కసారీ జరగలేదు.

చివరిబైటు:

నేలబావి గారూ, క్లయింట్ కనెక్షన్‌ని తీసుకునే యాక్సెప్ట్‌కి, అడ్రస్ రాయడానికి మీరు ఏ స్ట్రక్చర్ ఇస్తున్నారు? ఐపీవీ4ది, సాక్‌యాడర్_ఇన్ అయితే మొదటి వింత అక్కడే తేలిపోతుంది.

ఐపీవీ4 స్ట్రక్చర్ 16 బైట్లు. మొదట ఫ్యామిలీ 2, తర్వాత పోర్టు 2, ఆ వెంటనే అడ్రస్ 4, మిగిలింది ఖాళీ. ఐపీవీ6ది 28 బైట్లు. ఫ్యామిలీ 2, పోర్టు 2 వరకు పాతదానిలాగే ఉంటుంది. ఆ తర్వాత వచ్చేది అడ్రస్ కాదు, 4 బైట్ల ఫ్లో ఇన్ఫో. అది అయ్యాకే 16 బైట్ల అడ్రస్, చివర 4 బైట్ల స్కోప్ ఐడీ. మీ కోడ్ అడ్రస్ అనుకుని చదువుతున్నది ఫ్లో ఇన్ఫోని. అది దాదాపు ఎప్పుడూ సున్నాయే. అందుకే 0.0.0.0.

కెర్నల్ మీ 16 బైట్లలో పట్టినంత రాసి మిగతాది వదిలేస్తుంది, ఎర్రర్ ఇవ్వదు. యాక్సెప్ట్ అయ్యాక పొడవు వేరియబుల్‌ని ప్రింట్ చేసి చూడండి, 28 అని ఉంటుంది. మనం ఇచ్చినదానికంటే పెద్ద సంఖ్య తిరిగొచ్చిందంటే అడ్రస్ తెగిపోయిందని అర్థం. ఆ పొడవు సరిచూసే కోడ్ చాలా ప్రోగ్రాముల్లో ఉండదు.

ఇంకో మాట. దీనికి మందు అని చాలామంది ఉత్త సాక్‌యాడర్ వాడతారు, పేరు చూసి అన్నిటికీ సరిపోతుందనుకుని. అదీ 16 బైట్లే. వాడాల్సింది సాక్‌యాడర్_స్టోరేజ్. ఆర్‌ఎఫ్‌సీ 3493 (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రాల్లో ఒకటి) దాన్ని పెట్టిందే ఇందుకు.

పోర్టు2049:

రెండో వింత కూడా దాని బిడ్డే అని నా అనుమానం. మీ సర్వర్‌లో డూప్లికేట్ రిక్వెస్ట్ క్యాష్ ఉందా? ఉంటే దాని కీ ఏమిటో చూడండి.

ఈ క్యాష్ సంగతి కొత్తవాళ్ల కోసం చెబుతాను. 'ఫలానా ఫైల్ తీసేయ్' అని క్లయింట్ అడిగింది, సర్వర్ తీసేసింది, జవాబు దారిలో పోయింది. క్లయింట్ మళ్లీ అదే అడుగుతుంది. ఈసారి ఫైల్ లేదు కాబట్టి సర్వర్ 'అలాంటి ఫైలే లేదు' అంటే క్లయింట్‌కి తప్పు సమాచారం వెళ్లినట్టు. అందుకని సర్వర్ ఇటీవలి జవాబుల్ని దాచుకుని, అదే రిక్వెస్ట్ మళ్లీ వస్తే పని చేయకుండా పాత జవాబే తిరిగి ఇస్తుంది. 'అదే రిక్వెస్ట్' అని గుర్తుపట్టేది క్లయింట్ అడ్రస్, పోర్టు, ప్రతి రిక్వెస్ట్‌కీ క్లయింట్ వేసే ఎక్స్‌ఐడీ నంబర్, ఈ మూడింటినీ బట్టి.

ఇప్పుడు మీ దగ్గర అందరి అడ్రసూ 0.0.0.0. మీ టెస్టు ప్రోగ్రామ్ ఏ పోర్టు నుంచి వెళ్తుంది, ఎక్స్‌ఐడీ ఎక్కడ మొదలవుతుంది?

నేలబావి:

పోర్టు 1023. ఎక్స్‌ఐడీ 1 నుంచి. రెండు మెషీన్లలోనూ అంతే.

అర్థమైంది. మొదటి మెషీన్‌కి చెప్పిన జవాబునే రెండోదానికి క్యాష్‌లోంచి తీసి ఇచ్చింది. ఫైల్‌ని ముట్టుకోనేలేదు. క్యాష్ కీలో అడ్రస్‌కి 32 బిట్ల ఇంటిజర్ పెట్టిన చోటు ఇప్పుడే చూశాను. మీరు చెప్పకపోతే డిస్క్ కోడ్‌లో వెతుక్కుంటూ కూర్చునేవాణ్ని.

పోర్టు2049:

మామూలు క్లయింట్లు ఎక్స్‌ఐడీని ర్యాండమ్‌గా మొదలుపెడతాయి కాబట్టి ఇది బయటపడటానికి నెలలు పట్టేది, అప్పుడు ఎవరూ నమ్మేవాళ్లు కాదు. మీ టెస్టు ప్రోగ్రామ్ 1 నుంచి లెక్కపెట్టడం మేలే చేసింది. దాన్ని మార్చకండి, అలాగే ఉంచండి.

నేలబావి:

సాక్‌యాడర్_స్టోరేజ్ అన్ని చోట్లా పెట్టాను. మొత్తం 41 చోట్లు. క్యాష్ కీలో ఇప్పుడు పూర్తి అడ్రస్ ఉంది, ఫైల్ తీసివేత రెండు మెషీన్లలోనూ సరిగ్గా జరుగుతోంది.

లాగ్ మాత్రం ఇంకా తేడాగానే ఉంది. ఒకే నెట్‌వర్క్‌లోని మెషీన్లన్నీ 2001:డీబీ8:12:34: అని పడుతున్నాయి, తర్వాతి భాగం లేదు. పైగా ఇప్పటిదాకా బాగా పనిచేసిన ఐపీవీ4 క్లయింట్లకి 'అనుమతి లేదు' వస్తోంది. ఎక్స్‌పోర్ట్స్‌లో 192.0.2.0/24 అని రాసే ఉంది.

ఉలి:

మొదటిది: లాగ్ బఫర్ 16 క్యారెక్టర్లే ఉంటుంది చూడండి. ఐపీవీ4 అడ్రస్ ఎంత పొడుగున్నా 15 అక్షరాలు, చివరి సున్నాతో 16. మీరు చూపించిన ముక్కని లెక్కపెట్టండి, సరిగ్గా 15 ఉంది. అక్షరాలు కాపీ చేసే స్ట్ర్‌ఎన్‌కాపీ దాన్ని చప్పుడు చేయకుండా కోసేసింది. మీ అడ్రస్‌లో ఆ కోత సరిగ్గా నెట్‌వర్క్ భాగం ముగిసేచోట పడింది కాబట్టి నెట్‌వర్క్‌లో వాళ్లందరూ ఒకే మనిషిలా కనిపిస్తున్నారు. ఐపీవీ6కి 46 కావాలి, హెడర్‌లో ఆ పేరుతో కాన్‌స్టంట్ ఉంది. అడ్రస్‌ని అక్షరాలుగా మార్చడానికి, ఐపీవీ4 మాత్రమే తెలిసిన ఐనెట్_ఎన్‌టూఏ ఎక్కడైనా మిగిలి ఉంటే తీసేసి, ఐనెట్_ఎన్‌టూపీ వాడండి. బఫర్ చాలకపోతే అది కోయదు, ఎర్రర్ ఇస్తుంది.

రెండోది: మీరు ఏఎఫ్_ఐనెట్6 సాకెట్ ఒక్కటే తెరిచి దానిమీదే ఐపీవీ4 వాళ్లనీ తీసుకుంటున్నారు. అలా వచ్చినవాళ్లు ::ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్:192.0.2.5 అనే వేషంలో వస్తారు. అది ఐపీవీ6 అడ్రస్ కిందే లెక్క, కాబట్టి మీ ఎక్స్‌పోర్ట్స్‌లోని ఐపీవీ4 లైనుతో ఎప్పటికీ కలవదు.

మీకు అనుమతి దక్కలేదు కాబట్టి వెంటనే తెలిసింది. తిరగేసి ఆలోచించండి. ఎవరినైనా ఆపడానికి ఐపీవీ4 అడ్రస్‌తో 'వీళ్లకి వద్దు' అనే లైను రాసి ఉంటే, వాళ్లు కూడా ఇదే వేషంలో ఆ లైనుని దాటుకుని లోపలికి వస్తారు. దాన్ని ఎవరూ ఫిర్యాదు చేయరు.

నా సలహా: రెండు సాకెట్లు. ఒకటి ఐపీవీ4కి, ఒకటి ఐపీవీ6కి. రెండోదానికి ఐపీవీ6_వీ6ఓన్లీ (ఐపీవీ6 వాళ్లని మాత్రమే తీసుకోమనే స్విచ్) తప్పకుండా 1 పెట్టండి. అప్పుడు వేషాలు ఉండవు.

నెట్‌మగ్గం:

ఉలి గారితో ఇక్కడ నేను ఏకీభవించను. రెండు సాకెట్లంటే టీసీపీకి రెండు, యూడీపీకి రెండు, మౌంట్ సర్వీస్‌కి మళ్లీ అన్ని. ఎనిమిదింటిని కనిపెట్టుకుని ఉండాలి. దానికి బదులు ఒక్క సాకెట్ ఉంచి, కనెక్షన్ లోపలికి రాగానే అడ్రస్‌ని చూసే ఒక్క ఫంక్షన్ రాయండి. మ్యాప్ అయిన ఐపీవీ4 అయితే అక్కడే విప్పి అసలు ఐపీవీ4గా మార్చేయాలి. ఆ గుమ్మం దాటాక ప్రోగ్రామ్‌లో ఎవరికీ ఆ వేషం కనిపించదు. నేను ఒక ఎఫ్‌టీపీ సర్వర్‌లో ఇలాగే చేశాను, ఇబ్బంది రాలేదు.

ఉలి:

మీది ఒకే సిస్టమ్ మీద నడిస్తే సరే. ఆ స్విచ్ డిఫాల్ట్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. లినక్స్‌లో మామూలుగా 0, అంటే ఒకే సాకెట్ రెండింటినీ తీసుకుంటుంది, అదీ అడ్మిన్ బైండ్‌వీ6ఓన్లీ సెట్టింగ్ మార్చనంతవరకే. ఫ్రీబీఎస్‌డీలో, విండోస్‌లో డిఫాల్ట్ 1. ఓపెన్‌బీఎస్‌డీలో అయితే ఒకే సాకెట్ పద్ధతే లేదు, ఎంత అడిగినా ఐపీవీ4 వాళ్లు ఆ సాకెట్‌లోకి రారు. నేలబావి గారి సర్వర్ బీఎస్‌డీల మీద కూడా నడుస్తుందని గుర్తు.

ఒక జాగ్రత్త. లినక్స్‌లో వీ6ఓన్లీ పెట్టకుండా ఐపీవీ6 సాకెట్‌ని ముందు బైండ్ చేసి, తర్వాత అదే పోర్టుకి ఐపీవీ4ని బైండ్ చేయబోతే 'అడ్రస్ ఇప్పటికే వాడుకలో ఉంది' అంటుంది. అది చూసి చాలామంది వేరే సర్వర్ నడుస్తోందేమో అని వెతుకుతారు.

నెట్‌మగ్గం:

ఓపెన్‌బీఎస్‌డీ సంగతి నేను ఆలోచించలేదు. అయితే రెండు సాకెట్లే సరి. కానీ ఆ విప్పే ఫంక్షన్ని మాత్రం ఉంచండి. పొరపాటున ఎవరైనా వీ6ఓన్లీ తీసేసినా అనుమతుల పట్టిక మోసపోకూడదు.

కొత్తపాళీ:

ఒక సందేహం. సర్వర్‌ని ముట్టుకోకుండా ముందు ఒక ప్రాక్సీ పెట్టి, ఐపీవీ6లో వచ్చినదాన్ని ఐపీవీ4లోకి మార్చి పంపితే సరిపోదా?

పోర్టు2049:

కనెక్షన్ వరకు సరిపోతుంది. కానీ అప్పుడు సర్వర్‌కి అందరూ ప్రాక్సీ అడ్రస్‌తోనే కనిపిస్తారు. వెర్షన్ 3 ఎక్స్‌పోర్ట్స్ అంతా 'ఎవరు ఏ అడ్రస్ నుంచి వచ్చారు' అన్నదాని మీదే నిలబడి ఉంది. ఒక్కరికి తెరిస్తే అందరికీ తెరిచినట్టే. క్యాష్ విషయంలో 0.0.0.0 తెచ్చిన తంటా ఇందాక చూశాం కదా, దాన్ని మనమే కావాలని పెట్టుకున్నట్టవుతుంది. పైగా లాక్ సర్వీస్‌లో (ఫైళ్లకి తాళం వేసేది) సర్వర్ తిరిగి క్లయింట్‌ని పిలవాల్సి వస్తుంది. ప్రాక్సీ వెనక ఉన్నవాళ్లని అది పిలవలేదు.

నేలబావి:

రెండు సాకెట్లకి మార్చాను, లాగ్ బఫర్ 46 చేశాను. లాగ్‌లో మొదటిసారి పూర్తి అడ్రస్ చూశాను, ఐపీవీ4 వాళ్లు 192.0.2.5 అని తమ పేరుతోనే పడుతున్నారు. చాలా తేలిగ్గా అనిపించింది.

ఇప్పుడు పోర్టు నంబర్లు చేత్తో ఇవ్వకుండా మౌంట్ చేయబోతే ఐపీవీ6లో అవడం లేదు. ఏ సర్వీస్ ఏ పోర్టులో ఉందో చూపించే ఆర్‌పీసీఇన్ఫో -పీ కొడితే ఐపీవీ4 వరుసలే ఉన్నాయి.

పోర్టు2049:

రెండు విషయాలు కలిసిపోయాయి. -పీ చూపించేది పాత పోర్ట్‌మ్యాపర్ (సర్వీసుల పోర్టులు నమోదు చేసుకునేది) వెర్షన్ 2 పట్టిక. ఆ వెర్షన్‌కి అడ్రస్ ఫ్యామిలీ అన్న ఊహే లేదు, ప్రోటోకాల్, పోర్టు మాత్రమే తెలుసు. మీరు సరిగ్గా నమోదు చేసినా అందులో ఐపీవీ6 కనిపించదు. ఏ ఆప్షనూ లేకుండా ఆర్‌పీసీఇన్ఫో అని మాత్రమే కొట్టండి. అక్కడ టీసీపీ6, యూడీపీ6 వరుసలు లేకపోతే అప్పుడు నమోదు కాలేదని అర్థం.

మీ కోడ్ ఇంకా పీమ్యాప్_సెట్ పిలుస్తున్నట్టుంది. అది వెర్షన్ 2. ఆర్‌పీసీబీ_సెట్‌కి మారాలి. పోర్ట్‌మ్యాపర్ తర్వాతి రూపమైన ఆర్‌పీసీబైండ్ వెర్షన్ 3, 4 సంగతులు ఆర్‌ఎఫ్‌సీ 1833లో 1995లోనే రాసి ఉన్నాయి. అక్కడ పోర్టుని విడిగా ఇవ్వరు, అడ్రస్‌కి తోకలా రెండు సంఖ్యలు తగిలిస్తారు. ::.8.1 అని కనిపిస్తే కంగారు పడకండి. 8ని 256తో గుణించి 1 కలపండి, 2049 వస్తుంది.

ఏ లైబ్రరీతో లింక్ చేస్తున్నారో కూడా చెప్పండి. లినక్స్ సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో ఉండిన పాత సన్ ఆర్‌పీసీకి ఐపీవీ6 రాదు, కొత్త గ్లిబ్‌సీల్లో అది తీసేశారు కూడా. లిబ్‌టీఆర్‌పీసీ కావాలి. దానితో పాటు వచ్చే నెట్‌కాన్ఫిగ్ ఫైల్‌లో టీసీపీ6, యూడీపీ6 లైన్లు కామెంట్‌లో ఉన్నాయేమో చూడండి. ఉంటే కోడ్ ఎంత సరిగ్గా ఉన్నా నమోదు కాదు.

నేలబావి:

నెట్‌కాన్ఫిగ్‌లో రెండు లైన్లూ కామెంట్‌లోనే ఉన్నాయి! తీసేసి, ఆర్‌పీసీబీ_సెట్ పెట్టాక వచ్చేసింది.

తీగగూడు:

సర్వర్లు నడిపేవాడిగా ఒక మాట. కోడ్ వరకు బాగానే వెళ్తోంది. ఎక్స్‌పోర్ట్స్ ఫైల్ రాసేవాళ్లకి మీరేం చెప్పబోతున్నారు?

నేను చేసిన తప్పు చెబుతాను. ఐపీవీ6కి మారిన మొదట్లో, ఐపీవీ4 అలవాటు కొద్దీ, ఒక్కో మెషీన్ పూర్తి 128 బిట్ల అడ్రస్‌ని ఎక్స్‌పోర్ట్స్‌లో రాశాను. ఆ రోజంతా పనిచేసింది. మర్నాడు పొద్దున సగం మెషీన్లకి 'అనుమతి లేదు'. ఎవరూ ఏమీ మార్చలేదు. అడ్రస్‌లు వాటంతట అవే మారాయి.

ప్రైవసీ కోసం క్లయింట్లు తాత్కాలిక అడ్రస్‌లు తయారు చేసుకుంటాయి. డిఫాల్ట్‌గా ఒక్కోదాన్ని ఒక రోజు మాత్రమే కొత్త కనెక్షన్లకి వాడతాయి. అప్పటికే ఉన్న కనెక్షన్ పాత అడ్రస్ మీద నడుస్తూనే ఉంటుంది. అది ఎప్పుడైనా తెగి మళ్లీ కట్టుకోవాల్సి వచ్చిందంటే కొత్త అడ్రస్‌తో వస్తుంది. అందుకే నాకు సగం మెషీన్లే పోయాయి, మిగతా సగం మధ్యాహ్నానికి పోయాయి.

కాబట్టి ఎక్స్‌పోర్ట్స్‌లో రాయాల్సింది /64 ప్రిఫిక్స్, అంటే నెట్‌వర్క్‌ని గుర్తించే మొదటి 64 బిట్లు. మెషీన్ మెషీన్‌కీ వేరే అనుమతి కావాలంటే అడ్రస్‌ని నమ్ముకోకూడదు, గుర్తింపుని రహస్య కీలతో రుజువు చేసే కెర్బరోస్ పెట్టుకోవాలి. ఈ రెండు వాక్యాలు మీ మాన్యువల్‌లో పెద్దగా కనిపించేలా రాయండి. కోడ్‌లో ఎంత జాగ్రత్త పడినా, ఇది చెప్పకపోతే జనం మళ్లీ ఐపీవీ4కే పోతారు.

నేలబావి:

తీగగూడు గారూ, ఇది నాకు అసలు తట్టలేదు. మాన్యువల్‌లో ఇవాళే చేరుస్తాను.

ప్రిఫిక్స్ పోల్చే కోడ్ రాశాను. ప్రిఫిక్స్‌ని 8తో భాగించి, వచ్చినన్ని బైట్లని మెమ్‌కంపేర్‌తో పోల్చడం. అంతే కదా? /64తో టెస్టు చేశాను, /48తో కూడా.

చివరిబైటు:

ఆగండి, /60 ఇచ్చి చూశారా? 60ని 8తో భాగిస్తే 7 బైట్లు, 4 బిట్లు మిగులుతాయి. మీరు 7 బైట్లే పోలుస్తున్నారు, అంటే /60 రాసినవాళ్లకి /56 ఇస్తున్నారు. 16 నెట్‌వర్క్‌లకి తెరవమంటే 256కి తెరుచుకుంటుంది. /64, /48 రెండూ 8తో నిశ్శేషంగా పోతాయి కాబట్టి మీ టెస్టులు దీన్ని పట్టుకోలేవు.

మిగిలిన బిట్లకి మాస్క్ వేసి ఎనిమిదో బైట్‌ని విడిగా పోల్చండి. మిగులు సున్నా అయినప్పుడు ఆ తర్వాతి బైట్‌ని ముట్టుకోకూడదు, లేకపోతే /128కి అడ్రస్ అవతలి మెమరీని చదువుతారు. టెస్టుల్లో 0, 1, 7, 8, 9, 60, 63, 64, 65, 127, 128 అన్నీ పెట్టండి.

ఇంకోటి. ఎక్స్‌పోర్ట్స్‌లో రాసినదాన్ని చదివేటప్పుడే బైట్లుగా మార్చి దాచుకోండి, అక్షరాలతో ఎప్పుడూ పోల్చకండి. ఒకే అడ్రస్‌ని సున్నాలు ఉంచి, సున్నాలు తీసేసి, పెద్ద అక్షరాలతో, చిన్న అక్షరాలతో ఎన్నో రకాలుగా రాయొచ్చు. ఆర్‌ఎఫ్‌సీ 5952 ఒక పద్ధతి చెప్పింది గానీ, మనుషులు చేత్తో రాసేది ఆ పద్ధతిలో ఉంటుందని అనుకోలేం.

నెట్‌మగ్గం:

చదవడం అన్నారు కాబట్టి: సర్వర్ పేరునీ దారినీ మొదటి కోలన్ దగ్గర విడగొట్టే పాత కోడ్ ఎక్కడైనా ఉందా? ఐపీవీ6 అడ్రస్‌లో కోలన్లే కోలన్లు. అడ్రస్‌ని చతురస్రపు బ్రాకెట్లలో పెట్టి, మూసే బ్రాకెట్ తర్వాతి కోలన్ దగ్గరే విడగొట్టాలి.

కొత్తపాళీ:

నేలబావి గారి ప్యాచ్‌ని టన్నెల్ అవతల ఉన్న ఒక మెషీన్ నుంచి నడిపి చూశాను. మౌంట్ అయింది. చిన్న ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. పెద్ద ఫైల్ కాపీ చేస్తే మాత్రం మొదట్లోనే ఆగిపోతోంది, ఎర్రర్ కూడా లేదు. రెండు మూడు ఫైళ్లున్న డైరెక్టరీ వెంటనే వస్తుంది, వేల ఫైళ్లున్న డైరెక్టరీ వేలాడుతుంది. ప్యాచ్‌లో ఏదైనా తప్పా?

తీగగూడు:

ప్యాచ్ కాదు, ఫైర్‌వాల్. సర్వర్ దగ్గర ఐసీఎంపీవీ6 (నెట్‌వర్క్ లోపాల్ని తెలియజేసే మెసేజ్‌లు) మొత్తం ఆపేసి ఉంటారు.

ఐపీవీ6లో మధ్యలోని రూటర్లు ప్యాకెట్‌ని ముక్కలు చేయవు. పట్టనంత పెద్దది వస్తే పడేసి, 'ప్యాకెట్ మరీ పెద్దది' అని పంపినవాళ్లకి ఐసీఎంపీవీ6 టైప్ 2 మెసేజ్ పంపుతాయి. మీ టన్నెల్ ఎమ్‌టీయూ (పట్టే ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1480 బైట్లు అనుకుందాం, సర్వర్ 1500 పంపుతోంది. ఆ మెసేజ్‌ని ఫైర్‌వాల్ మింగేస్తే సర్వర్‌కి విషయం తెలియదు, అదే సైజులో మళ్లీ మళ్లీ పంపుతుంది. చిన్న జవాబులు ఇరుకులోంచి దూరిపోతాయి, పెద్దవి దూరవు. మీరు చెప్పిన లక్షణాలన్నీ అవే. టైప్ 2ని వదలమనండి.

కొత్తపాళీ:

వదిలాక వెంటనే కదిలింది. ధన్యవాదాలు.

తీగగూడు:

విడుదల నోట్స్‌లో ఇంకో లైను కూడా వేయండి, నేలబావి గారూ. డీఎన్‌ఎస్‌లో సర్వర్ పేరుకి ఏఏఏఏ రికార్డ్ (ఐపీవీ6 అడ్రస్ చెప్పేది) అన్నిటికంటే ఆఖరున చేర్చాలి. సర్వర్ వింటోంది, ఫైర్‌వాల్ తెరిచి ఉంది, ఎక్స్‌పోర్ట్స్ రాశాం, అన్నీ అయ్యాకే. ముందే చేరిస్తే క్లయింట్లు ఐపీవీ6నే ముందు పట్టుకుంటాయి. ఫైర్‌వాల్ ప్యాకెట్లని నిశ్శబ్దంగా పడేస్తుంటే లినక్స్ డిఫాల్ట్ ప్రకారం ఒక్కో కనెక్షన్ ప్రయత్నం విఫలమవడానికి రెండు నిమిషాల పైనే పట్టొచ్చు. బ్రౌజర్లు రెండు దారులూ దాదాపు ఒకేసారి ప్రయత్నిస్తాయి కాబట్టి వెబ్‌లో ఇది తెలియదు. మౌంట్ కమాండ్ అలా చేయదు. బూట్ సమయంలో మౌంట్ పెట్టుకున్నవాళ్లు తెరముందు ఎదురుచూస్తూ ఉండిపోతారు.

నేలబావి:

అన్నీ చేర్చాను. /60 తప్పు నిజంగానే ఉంది, సరిచేశాను. చివరిబైటు గారు ఇచ్చిన 11 ప్రిఫిక్స్‌లూ టెస్టుల్లో పడ్డాయి. టెస్టు ప్రోగ్రామ్ ఎక్స్‌ఐడీ ఇంకా 1 నుంచే మొదలవుతుంది, ఎందుకు మార్చకూడదో కోడ్‌లో కామెంట్ రాశాను. లింక్ లోకల్ అడ్రస్‌లకి (ఒక్క నెట్‌వర్క్ లోపలే చెల్లేవి) స్కోప్ ఐడీని (ఏ ఇంటర్ఫేస్ అన్నది) కూడా క్యాష్ కీలో కలిపాను, రెండు ఇంటర్ఫేస్‌ల మీద ఒకే లింక్ లోకల్ అడ్రస్ రావచ్చు కాబట్టి.

యూడీపీ మాత్రం ఐపీవీ6లో తెరవడం లేదు. ఒక మెషీన్‌కి ఇన్ని అడ్రస్‌లు ఉన్నప్పుడు, అడిగిన అడ్రస్ నుంచే జవాబు వెళ్లేలా ప్రతి ప్యాకెట్‌కీ ప్యాకెట్ ఇన్ఫో చూడాలి. దాన్ని ఇప్పుడు హడావిడిగా రాయదలుచుకోలేదు, టీసీపీతో సాగుదాం.

ఓపెన్‌బీఎస్‌డీ మెషీన్ నా దగ్గర లేదు. ఎవరైనా ఒకసారి కంపైల్ చేసి చూస్తారా?

ఉలి:

నా దగ్గర ఉంది, చేశాను. రెండు సాకెట్లూ తెరుచుకున్నాయి. ఐపీవీ4 నుంచి ఒకటి, ఐపీవీ6 నుంచి ఒకటి మౌంట్ చేశాను. లాగ్‌లో రెండు అడ్రస్‌లూ పూర్తిగా పడ్డాయి. రెండు వైపుల నుంచీ ఒక్కో ఫైల్ తీసేశాను, రెండూ పోయాయి.